కోసూరి వెంకటరత్నము

గోదావరీతీరమున వెలసిన రాజమహేంద్రవరము పేరు విన్నంతనే నన్నయభట్టారకుడును, కందుకూరి వీరేశలింగము పంతులుగారును మనకు స్ఫురింతురు. కలము పట్టిన మహనీయులకు నిలయమైన ఆ పట్టణముననే కలమును స్వహస్తములతో నిర్మించిన శిల్పి యొకరు జీవించిరి. ఆయనయే కోసూరి వెంకటరత్నముగారు.

నగలపనికి ఉపయోగించు అచ్చులను చెక్కుటయందు వెంకటరత్నముగారు నేర్పరులు. లోహపుముక్కపై వెండ్రుకవాసి తేడా రాకుండ పూవులను, లతలను దింపవలెనన్నచో కంటికిని చేతికిని ఎంతటి శిక్షణ కావలెనో ఊహింపవచ్చును. 1921వ సంవత్సరమున ఆయన వార్ధాలో గాంధీమహాత్ముని దర్శించి తమ పనితనమును చూపిరని చెప్పుదురు. మహాత్ముడు దానిని చూచి, ఈ నేర్పును సామాన్యజనులకు ఉపకరించు వస్తువునందు వినియోగింపుమని, గుండుసూదియో కలమో చేసినను మేలేయని సూచించెనట. వెంకటరత్నముగారు కలమునే ఎన్నుకొనిరి. ఆ రెంటిలో అదియే కష్టమైనది.

ఆ కాలమున ఫౌంటెన్ పెన్ అనగా విదేశపు వస్తువే. అమెరికాలో వాటర్మన్ అను నతడు తన కలమునకు 1884లో పేటెంటు పొందిన పిమ్మట అట్టివి ఓడలపై మనదేశమునకును వచ్చి అంగళ్లలో నిండెను. విదేశవస్త్రములను మంటలలో వేసిన దేశభక్తులు సయితము ఆ వార్తను పత్రికలకు వ్రాసి పంపుటకు విదేశపు కలమునే జేబునుండి తీయవలసివచ్చెడిది.

కలము చూచుటకు చిన్నది, చేయుటకు చిన్నది కాదు. దాని గొట్టమును, మూతను ఎబొనైటుతో చేయుదురు. రబ్బరులో గంధకమును హెచ్చుగా కలిపి వేడిచే గట్టిపరచినచో ఎబొనైటగును. ఆ కడ్డీని తరిమెనపై, అనగా లేతుపై, బిగించి త్రిప్పుచు ఉలితో చెక్కి, లోపల తొలిచి గుల్లచేయుదురు. చెక్కునపుడు గంధకపు వాసన వచ్చును. ఇంతవరకు పని సులభమే. అసలు పరీక్ష మరచుట్ల యొద్ద వచ్చును.

మరచెంబును అందరు ఎరుగుదురు గదా! దాని మూత త్రిప్పిన కొలది బిగియును. కలపుమూతయు అట్టిదే. మూత లోపల చుట్లు, గొట్టముపై చుట్లు. ఈ రెండును ఒకదానిలో నొకటి ఒదుగవలెను. చేతితో చేయు కలములో సిరాను గొట్టములోనికే నేరుగా పోయుదురు. కావున పాళీ గల భాగము గొట్టమునకు బిగియు చోట చుట్టు వదులైనచో సిరా కారును. మూత సరిగా మూయబడనిచో పాళీ ఎండిపోవును. దేశాభిమానముతో కొన్న కలమైనను చొక్కాజేబును నల్లజేసినచో మరునాడు దానిని తాకువారుందురా?

చుట్లు గరుకుగా నున్నచో పనివాడు ముందుగా వానిలో చిక్కిన రజనును మెత్తని కుంచెతో తుడుచును. కొన్ని కలములు ఇంతమాత్రముననే బాగుపడును. తొలిచుట్టు కాగితమువలె పలుచనై అంచు విరిగియున్నచో దానిని తీసివేసి, మూతి అంచును కొంచెము ఏటవాలుగా చెక్కును. అప్పుడు మూతకు దారి దొరకును. అప్పటికిని పట్టుచున్నచో మెత్తని పొడిని నూనెతో కలిపి చుట్లకు పూసి, మూతను ముందుకును వెనుకకును నెమ్మదిగా త్రిప్పి ఒరిపిడిపెట్టి, పిదప ఆ పొడి నలుసైనను మిగులకుండ కడుగును. తొందరపడి గట్టిగా త్రిప్పరాదు. ఒరిపిడివలన వేడి పుట్టును; వేడికి ఎబొనైటు మెత్తబడి రూపు చెడును.

మూత ఒకప్రక్కకు వాలి కూర్చున్నచో అది వేరొక దోషము. మూత రంధ్రమును, దాని చుట్లును ఒకే నడిగీటుపై లేవని అర్థము. దీనికి ఒరిపిడి పనికిరాదు. మూతను మరల తరిమెనకు ఎక్కించి, అది ఊగక నిలకడగా తిరుగునట్లు సరిచేసి, చుట్లను పలుచగా తిరిగి కోయవలెను. గోడ పలుచనై అందుకు వీలులేనిచో ఆ మూతను పారవేసి క్రొత్తది చేయుటయే మార్గము. పడిన శ్రమను పారవేయుటకు మనసొప్పదు. అయినను మంచి పనివాడు పారవేయును.

ఇట్టి పనిని నమ్ముకొని వెంకటరత్నముగారు 1932లో రాజమహేంద్రవరమున రత్నం పెన్ వర్క్స్ నెలకొల్పిరి. మహాత్మునికి కలమును పంపగా, అందు విదేశపు భాగమున్నదని తెలిసి ఆయన అంగీకరింపలేదని చెప్పుకొందురు. శిల్పి చిన్నబుచ్చుకొనలేదు. పాళీతో సహా సర్వమును స్వదేశమున చేయుటకే పూనుకొనిరి.

1934 డిసెంబరులో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము ఏర్పడెను. దాని కార్యదర్శి కుమారప్పగారు లండనులో లెక్కల పరీక్ష నుత్తీర్ణులై వచ్చినవారు. మాటలకు లొంగు స్వభావము వారిది కాదు. అట్టివారి చేతిమీదుగా వెంకటరత్నముగారి కలము మహాత్మునికి చేరెను. మహాత్ముడు దానితో వ్రాసి చూచి, 1935 జూలై 16వ తేదీన వార్ధానుండి వెంకటరత్నముగారికి కృతజ్ఞతతో జాబు వ్రాసెను. తాను ఆ కలమును వాడితిననియు, బజారులలో కనబడు విదేశపు కలములకు బదులుగా వాడదగినదిగా తోచుచున్నదనియు అందు తెలిపెను. గాంధీజీ పొగడ్తలలో పొదుపరి. కలము పనిచేయుచున్నదని మాత్రమే ఆయన చెప్పెను. పదునాలుగేండ్లు కష్టించిన శిల్పికి కావలసినదియు ఆ మాటయే.

ఆ జాబుతో రత్నం కలము దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. రాజమహేంద్రవరమున మరికొందరును ఈ పరిశ్రమను చేపట్టిరి. తరువాతి కాలమున చవుకైన బాల్ పెన్నులు వచ్చి సిరాకలములను వెనుకకు నెట్టినవి. అయినను వెంకటరత్నముగారి కుటుంబమువారు తరిమెనను విడువలేదు. ఆయన గతించిన చాలకాలమునకు కూడ ఎబొనైటు కడ్డీనుండి ఒక్కొక్క కలమును చెక్కి, మూత త్రిప్పి చూచి, కొన్నవారి చేతికిచ్చుచు వచ్చిరి.