నెల్లూరు సీమలో క్లౌ దొర

నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువను మనమందరం చూచినవారమే. ఆ కాలువ త్రవ్వకంతో ముడిపడిన ఒక జీవితాన్ని ఇక్కడ స్మరించుకొందాం.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూముల సర్వే పని నేర్చుకొన్నారు. 1865లో బాప్టిస్టు మిషనరీగా నెల్లూరు చేరి, మరుసటి సంవత్సరం ఒంగోలులో స్థిరపడ్డారు. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే.

ఆయన తొలి సహచరులలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యులు. మాదిగ కులస్థులైన పేరయ్య అంతకుముందే బండికట్ల వీరమ్మ అనే గురువు వద్ద యోగం అభ్యసించారు. ఆ అన్వేషణే ఆయనను క్రీస్తు మార్గానికి చేర్చింది. ఆయన వెంట ఆ కులస్థులు అనేకులు రాగా, అగ్రవర్ణాలవారు దొరకు దూరమయ్యారు. దొర పేదల పక్షమే వహించారు.

క్రొత్త మతంలో చేరినవారు చచ్చిన పశువుల మాంసం తినరాదు. ఆదివారం పని చేయరాదు. గ్రామదేవతల ఉత్సవాలలో డప్పు వాయించరాదు. డప్పు లేని జాతర ఊరికి అపచారంగా తోచింది. క్రొత్తవారికి బావి నీరు సైతం కరువైన సందర్భాలున్నాయి. తరతరాల కట్టుబాటు తెగినప్పుడు ఉభయులకూ బాధ తప్పలేదు.

ఇంతలో 1876–78 నాటి ధాత కరువు వచ్చిపడింది. క్లౌ దొర మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకొని, వేలాదిమందికి కూలి కల్పించారు. బాప్తిస్మం కోరి వచ్చినవారిని మాత్రం ఆగుమన్నారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ నిరీక్షణ ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో నిలిచి ఆ కార్యం జరిపినది దొర కాదు, ఆరుగురు బోధకులు. ఇద్దరేసి వంతుల వారీగా జరిపారు.

కరువులో ఆదుకొన్న చేతిపట్ల కృతజ్ఞత వారి హృదయాలలో లేకపోలేదని మేము భావిస్తున్నాము. విశ్వాసాన్నీ కృతజ్ఞతనూ వేరుచేసి తూచగలవారెవరు? అయినను తూచవలసిన అవసరాన్ని గుర్తించి వేచియుండుటలోనే ఆయన ఔన్నత్యమున్నది.

ఆయన రెండవ భార్య ఎమ్మా, మాదిగల దేవతల కథలనూ గురువుల బోధలనూ సేకరించి 1899లో గ్రంథంగా వెలువరించారు. విడిచివచ్చిన విశ్వాసం కూడా తెలిసికొనదగినదే అని ఆ కృషి చాటుతున్నది. క్లౌ దొర 1910లో స్వదేశంలో కన్నుమూశారు.

ఆకలిగొన్నవానికి ముందు అన్నం పెట్టి, అతని మనస్సును అతనికే విడిచిపెట్టుట ఏ మతస్థులకైనను ఆదర్శమే. పలు మతాల విద్యార్థులు కలిసి చదువుకొనే మన కళాశాలకు ఇంతకుమించిన పాఠమేమున్నది?