భక్తుడైన జెరోము - పాతాళమను మాట

సంఘములో ఎవరైనను ప్రభువునందు నిద్రించినప్పుడు, సమాధి ఆరాధన ముగించుకొని నర్సీపట్నము తిరిగి వచ్చు దారిలో దుఃఖములో నున్న కుటుంబమువారు మమ్మును అడుగు ప్రశ్న ఒకటి కలదు. క్రీస్తు దిగెనని విశ్వాస ప్రమాణములో చెప్పుకొను ఆ లోకము నరకమేనా? జవాబు వెదకుచు పోయినచో, బైబిలును లతీను భాషలోనికి తెచ్చిన జెరోము నొద్దకు చేరుదుము.

జెరోము సుమారు క్రీ.శ. 347లో స్త్రిదోను అను ఊరిలో జన్మించెను. చదువు నిమిత్తము బాల్యములోనే రోముకు వెళ్లెను. ఆదివారములందు స్నేహితులతో కూడ, భూగర్భములో త్రవ్విన హతసాక్షుల సమాధులలోనికి దిగెడివాడు. సజీవులుగా పాతాళమునకు దిగుటను గూర్చిన కీర్తనకారుని మాట ఆ చీకటిలో నెరవేరినట్లుండెనని వృద్ధాప్యములో తన యెహెజ్కేలు వ్యాఖ్యానమునందు వ్రాసెను.

రోములో బాప్తిస్మము పొంది, సిరియా అరణ్యములో తపోజీవితము గడుపుచు, క్రైస్తవుడైన ఒక యూదునివద్ద హెబ్రీ నేర్చుకొనెను. 382లో రోముకు తిరిగివచ్చి, దమాసు బిషప్పు కోరికపై లతీను సువార్తలను సరిదిద్దెను. ఆయన కోపిష్ఠి, పదునైన మాటలవలన విరోధులను తెచ్చుకొనెను. 385లో రోము విడిచి, మరుసటి యేట బేత్లెహేములో స్థిరపడెను. పౌలా అను సంపన్న విధవరాలు అక్కడ మఠములు కట్టించెను. సుమారు 390 మొదలు 405 వరకు పాత నిబంధనను హెబ్రీ నుండి అనువదించెను.

హెబ్రీలోని షియోలు అను మాటకు ఆయన తరచుగా ఇన్ఫెర్నుస్ అని వ్రాసెను. క్రిందనున్న చోటు అని దాని అర్థము. యోసేపు చనిపోయెనని తలంచిన యాకోబు, దుఃఖముతో కుమారుని యొద్దకు దిగిపోదుననినది ఆ చోటికే. శిక్షాస్థలమైన గెహెన్నాను మాత్రము సువార్తలలో ఆ పేరుతోనే వేరుగా ఉంచెను. విశ్వాస ప్రమాణపు లతీను పాఠములోని ఇన్ఫెరి అను మాటకు క్రిందనున్నవారు, అనగా మృతులు అని భావము.

కాలక్రమమున ఈ తేడా మరుగుపడెను. 1321లో మరణించిన ఇటలీ కవి దాంతే, శిక్షింపబడువారి లోకమును వర్ణించిన కావ్యభాగమునకు ఇన్ఫెర్నో అని పేరు పెట్టెను. ఇటాలియను భాషలో ఆ మాటకు నరకమనియే అర్థము.

మన ప్రాంతములో, 1805లో విశాఖపట్నము వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ దొరలు ఆనందరాయరు గారి సహాయముతో సువార్తలను తెనిగింప పూనుకొనిరి. వాటిలో మూడు 1812లో శ్రీరామపూరులో అచ్చుపడెను. నేడు మన చేతనున్న తెలుగు బైబిలులో యాకోబు తలంచినది మృతుల లోకము, లూకా సువార్తలోని ధనవంతుడున్నది పాతాళము, గెహెన్నా నరకము. మాటలు వేరువేరుగానే నిలిచియున్నవి.

జెరోము 420 సెప్టెంబరు 30న బేత్లెహేములో కన్నుమూసెను. ఆయన పరిశ్రమవలన మనము ధైర్యముగా చెప్పగలము: క్రీస్తు దిగినది మృతులున్న చోటికి. మనవారు వెళ్లిన దారిలో ప్రభువు ముందే నడిచెను. సమాధియొద్ద నిలిచిన కుటుంబములకు ఈ ఆదరణ చాలును.