ప్రచారానికి బయలుదేరి తిరిగిరాని సౌందర్య

వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ చేలలో 2019 అక్టోబర్ 6న శిక్షణ విమానం కూలి ఇద్దరు విద్యార్థి పైలట్లు దుర్మరణం పాలైన సంగతి ఈ ప్రాంతవాసులకు తెలిసిందే. అది సెస్నా రకం చిన్న విమానం. సెస్నా అనే మాట మన పల్లెల్లో చాలామంది అంతకు పదిహేనేళ్ల ముందే, సినీనటి సౌందర్య మరణవార్తలో విన్నారు.

సౌందర్య అసలు పేరు సౌమ్య. కర్ణాటకలోని కోలారు జిల్లాకు చెందిన కుటుంబం. తండ్రి కె.ఎస్.సత్యనారాయణ కన్నడ సినీ రచయిత, నిర్మాత. వైద్యవిద్యలో చేరిన ఆమె సినిమా అవకాశాలు రావడంతో చదువు మధ్యలోనే మానుకున్నారు. 1993లో 'మనవరాలి పెళ్లి', 'రాజేంద్రుడు గజేంద్రుడు' చిత్రాలతో తెలుగువారికి పరిచయమయ్యారు. 1995లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'అమ్మోరు'తో ఆమె పల్లె ఆడవారి మనసుల్లో నిలిచిపోయారు. అందులో అమ్మోరుగా రమ్యకృష్ణ కనిపించినా, కష్టాలు పడే భక్తురాలు భవానిగా జనం చేత కంటతడి పెట్టించింది సౌందర్యే. 'పవిత్రబంధం', 'పెళ్లి చేసుకుందాం', 'అంతఃపురం', 'రాజా' ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నిండుగా చీర కట్టుకుని కూడా అగ్రతారగా వెలగవచ్చని ఆ రోజుల్లో చూపించిన నటి ఆమె.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సౌందర్య సొంత డబ్బుతో 'ద్వీప' అనే కన్నడ చిత్రం తీశారు. ఆనకట్ట నీటిలో ఊరు మునిగిపోతుంటే కదలకుండా నిలబడిన కుటుంబం కథ అది. గిరీష్ కాసరవల్లి దర్శకుడు. దేశంలో ఉత్తమ చిత్రంగా దానికి స్వర్ణకమలం దక్కింది. ప్రాజెక్టుల కింద భూములు పోయిన రైతులు చూడదగిన సినిమా.

2004 ఎన్నికల్లో ఆమె భారతీయ జనతా పార్టీ తరఫున ప్రచారానికి ఒప్పుకున్నారు. ఏప్రిల్ 17న కరీంనగర్ లోక్‌సభ అభ్యర్థి సి.హెచ్.విద్యాసాగరరావు కోసం బెంగళూరులోని జక్కూరు విమానాశ్రయం నుంచి బయలుదేరారు. జక్కూరు కూడా విమానం నడపడం నేర్పే చోటే. ఒకే ఇంజను గల సెస్నా 180లో ఆమె, అన్న అమర్‌నాథ్, పార్టీ కార్యకర్త ఒకరు, పైలట్ ఎక్కారు. పైకి లేచిన కొద్ది క్షణాలకే విమానం పక్కనున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి మంటల్లో చిక్కుకుంది. నలుగురిలో ఎవరూ దక్కలేదు. చిన్న విమానాలకు నేల విడిచిన ఆ మొదటి నిమిషమే గండం. అంత తక్కువ ఎత్తులో పట్టు తప్పితే సరిదిద్దుకునేందుకు పైలట్‌కు వ్యవధి ఉండదు.

అంతకు రెండేళ్ల ముందే, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. ఆ గాయం మానకముందే ఈ వార్త వచ్చింది. సౌందర్యకు అప్పటికి ముప్పై రెండేళ్లు కూడా నిండలేదు. పెళ్లయి ఏడాది కాలేదు.

ఆమె నటించిన కన్నడ చిత్రం 'ఆప్తమిత్ర' మరణానంతరం విడుదలై ఘనవిజయం సాధించింది. నందమూరి బాలకృష్ణ మొదలుపెట్టిన 'నర్తనశాల'లో ఆమెది ద్రౌపది వేషం. ఆమె పోవడంతో ఆ చిత్రం ఆగిపోయింది. అప్పటికి తీసిన కొద్దిపాటి సన్నివేశాలను 2020 దసరాకు విడుదల చేశారు.