ఒజ్జగా మొదలై.. ఒలింపిక్స్ దాకా
భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం చూపిన హైదరాబాదీ రహీం

హైదరాబాద్ పేరు చెప్పగానే నేటి తరానికి క్రికెట్, బ్యాడ్మింటన్ గుర్తుకు వస్తాయి. అయితే 1950వ దశకంలో ఈ నగరాన్ని దేశం గుర్తించింది ఫుట్‌బాల్‌తో. ఆ గుర్తింపు వెనుక ఉన్న వ్యక్తి సంపన్నుడు కాదు, అధికారీ కాదు. పాతికేళ్ల వయసులో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బతికిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లంతా గౌరవంతో రహీం సాహెబ్ అని పిలుచుకున్న ఆయన శిక్షణలోనే భారత్ రెండుసార్లు ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది. ఆయన కన్నుమూసిన తర్వాత ఆ ఎత్తును భారత ఫుట్‌బాల్ మళ్లీ అందుకోలేదు.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో ఆ జట్టు తరఫున రాణించారు. పట్టభద్రుడైన అనంతరం ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. క్రీడాకారుడిగా ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతి దక్కలేదు. ఆటను విడమరచి చెప్పడంలోనే ఆయన ప్రతిభ ఉంది.

1940వ దశకం తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించిన రహీం తుదిశ్వాస వరకు ఆ పదవిలో కొనసాగారు. ఆయన చేపట్టిన తొలి పని పిల్లల పోటీలు. బంతిని కాలితో నడిపించుకుంటూ పోకుండా వెంటనే సహచరునికి అందించాలనే నియమంతో కొన్ని పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే తన్నాలనే నిబంధనతో మరికొన్ని నిర్వహించారు. ఎత్తు తక్కువ ఉన్న బాలలకు వేరుగా పోటీలు జరిపారు. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఖాళీ స్థలం, బంతి, ఓపిక గల గురువు ఉంటే చాలు. అయినా ఫలితం మాత్రం అపారం. రెండు కాళ్లతోనూ ఆడగలిగే, తలెత్తి సహచరుణ్ని చూడగలిగే కుర్రాళ్లు గల్లీగల్లీలో తయారయ్యారు.

పోలీసు జట్టు ప్రభంజనం

ఆ కుర్రాళ్లకు ఉద్యోగం, వేదిక రెండూ కల్పించింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దానికి రహీం శిక్షకుడు. సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన రెండేళ్లకే, అంటే 1950లో, ఈ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అది మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్లు ఆ కప్పు హైదరాబాద్‌కే దక్కింది. కలకత్తా మహాజట్లు సైతం పోలీసుల ధాటికి తట్టుకోలేకపోయాయి. 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్ కూడా చేజిక్కింది. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లలో వరుసగా గెలుచుకుంది.

సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఈ బడిలో తేలిన ఆణిముత్యం. నిరుపేద తమిళ కుటుంబంలో పుట్టిన ఆ యువకుని ఆటను చూసిన రహీం అతణ్ని నగర శిక్షణకు రమ్మన్నారు. రాకపోకలకు డబ్బు లేదని తెలిసి సైకిలు అద్దె తానే సమకూర్చారు. ఆ బలరాం రెండు ఒలింపిక్స్‌లలో ఆడి, ఆసియా స్వర్ణం అందుకున్నాడు.

హెల్సింకీ నేర్పిన గుణపాఠం

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది. మేవాలాల్ ఆ గోలు కొట్టాడు. ఆ ఆనందం ఏడాదిలోనే ఆవిరైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో చిత్తయింది. మనవాళ్లలో పలువురు బూట్లు లేకుండానే బరిలోకి దిగారు.

ఈ పరాజయాన్ని రహీం విధిరాతగా భావించలేదు. పాత పద్ధతిలో ఇద్దరు రక్షకులతో ఐరోపా జట్లను నిలువరించలేమని గ్రహించి ముగ్గురు రక్షకుల వ్యూహానికి మళ్లారు. ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఆకట్టుకున్న హంగరీ శైలిని అధ్యయనం చేశారు. ముందు వరుసలోని మధ్య ఆటగాణ్ని కొంత వెనక్కి లాగి ప్రత్యర్థి రక్షకులను తికమక పెట్టే ఎత్తుగడను మనవాళ్లకు నేర్పారు. బూట్లు ధరించి ఆడటమూ తప్పనిసరి అయింది.

నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ కృషి ఫలించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించగా నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ చరిత్రకెక్కింది. సెమీస్‌లో యుగోస్లావియాపై మొదట గోలు కొట్టింది కూడా మనమే. చివరికి 1-4తో ఓడినా, నాలుగేళ్ల కిందటి పది గోళ్ల పరాభవంతో పోలిస్తే ఆ ప్రయాణం ఎంత దూరమో తెలుస్తుంది. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో జట్టు తిరిగివచ్చింది. బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదీలు ఆ బృందంలో ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె.బెనర్జీ సారథ్యంలోని జట్టు హంగరీకి 1-2తో మాత్రమే తలొగ్గింది. ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకుంది. పెరూపై 1-3తో ఓడి ఇంటిముఖం పట్టింది. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కనిపించడం అదే ఆఖరు.

జకార్తాలో చివరి పోరు

1962 ఆసియా క్రీడలు రహీం జీవితంలో చివరి ఘట్టం. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లపై గెలిచినా రక్షణకు వెన్నెముకగా నిలిచిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ స్థితిలో అతణ్ని వెనుక నిలబెట్టడం ప్రమాదమని తలచిన రహీం ఏకంగా ముందు వరుసకు పంపారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 విజయంలో జర్నైల్ ఒక గోలు కొట్టి గురువు నిర్ణయాన్ని నిలబెట్టాడు.

మైదానం బయట పరిస్థితి మరింత క్లిష్టంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు అనుమతించకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి.సోంధీ తప్పుపట్టడంతో జకార్తాలో భారతీయులపై ఆగ్రహం పెల్లుబికింది. మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. బస్సులో తలపాగా కనిపించకుండా జర్నైల్‌ను కింద కూర్చోబెట్టి తీసుకెళ్లినట్లు ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. సెప్టెంబరు 4న కిక్కిరిసిన స్టేడియం అంతా ప్రత్యర్థికే జేజేలు పలుకుతుండగా పి.కె.బెనర్జీ, జర్నైల్ తొలి ఇరవై నిమిషాల్లోనే చెరో గోలు సాధించారు. తొలి మ్యాచ్‌లో ఓడించిన కొరియాపైనే 2-1తో గెలిచి చునీ గోస్వామి బృందం స్వర్ణం అందుకుంది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కేన్సర్‌తో రహీం మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు మాత్రమే.

ఖాళీ అయిన పీఠం

ఆయన తీర్చిదిద్దిన తరం కొంతకాలం నిలబడింది. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానం పొందింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో హైదరాబాదీ నయీముద్దీన్ సారథ్యంలో ఆసియా క్రీడల కాంస్యం లభించింది. అటుపై ఆ క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ పతకమే లేదు. నగరంలోని మేటి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. వారి స్థానాన్ని నింపే పిల్లల పోటీలు క్రమంగా సన్నగిల్లాయి.

శిష్యులైన బెనర్జీ, గోస్వామిలకు పద్మశ్రీలు లభించాయి. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం కన్నుమూసి రెండు దశాబ్దాలు దాటింది. 2024లో హిందీ చిత్రం ‘మైదాన్’ విడుదలయ్యాకే చాలామంది తెలుగువారు కూడా ఆయన పేరు విన్నారు.

వెండితెర ఆయన విజయాలను గుర్తుచేసింది. ఆ విజయాలకు మూలం మాత్రం పాఠశాల మైదానం. ఒలింపిక్స్ వ్యూహాలు రచించిన మేధావి మొదట చేసింది బాలలకు ఎడమకాలితో బంతి తన్నడం నేర్పడమే. బడుల్లో ఆటస్థలాలు, వ్యాయామ ఉపాధ్యాయులు కరవవుతున్న నేడు రహీంకు నిజమైన స్మారకం విగ్రహం కాదు. ప్రతి బడికీ ఒక మైదానం, ఆ మైదానంలో ఓపిక గల ఒక ఒజ్జ.