మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1861 సెప్టెంబరు 15 – 1962 ఏప్రిల్) భారతదేశపు ప్రముఖ ఇంజనీరు, మైసూరు సంస్థానపు దివాను, 1955లో భారతరత్న పురస్కారం పొందిన మేధావి. ఆనకట్టల నిర్మాతగా ఆయన పేరు అందరికీ తెలుసు. విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు చదివిన యువకులు ప్రభుత్వోద్యోగం కోసం ఎదురుచూడకుండా, తామే పరిశ్రమలు స్థాపించి నడపగలిగేలా చదువును తీర్చిదిద్దాలని ఆయన దాదాపు అర్ధ శతాబ్దం పాటు చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఈ వ్యాసంలో ఆ కృషికే ఎక్కువ చోటు ఇవ్వబడింది.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య నంది కొండల సమీపంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో తెలుగు మాట్లాడే బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. పూర్వీకులు మోక్షగుండం నుండి వలస వచ్చినవారు. ఇంటిపేరు అలా వచ్చినదే. అప్పటి కోలారు జిల్లాలోని ఈ ప్రాంతం మదనపల్లె, పుంగనూరు, కుప్పం తాలూకాలకు పొరుగునే ఉంటుంది. తెలుగు, కన్నడం కలగలిసిన సీమ ఇది. ఆయన పుట్టిన సంవత్సరం కొన్ని గ్రంథాలలో 1860గా కనిపిస్తుంది. శతజయంతి తపాలా బిళ్ళ వెలువడినది కూడా 1960 సెప్టెంబరు 15ననే.

చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చేరిన విశ్వేశ్వరయ్య, ఒక సంపన్న కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెబుతూ చదువుకున్నాడు. 1881లో బి.ఏ. పూర్తిచేసి, మైసూరు ప్రభుత్వ ఉపకారవేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి రాష్ట్ర పరీక్షలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యాడు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రజాపనుల శాఖలో సహాయక ఇంజనీరుగా చేరాడు. చదువుకున్నవానికి సర్కారు కొలువే గమ్యమని అందరూ భావించే కాలమది. ఆయన కూడా ఆ దారిలోనే నడిచాడు.

ఇంజనీరుగా

బొంబాయి ప్రభుత్వంలో సుమారు పాతికేళ్ళు పనిచేశాడు. సింధులోని సుక్కూరుకు మంచినీటి పథకం, పూనా వద్ద ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు, దక్కను కాలువల కింద సాగునీటిని పొదుపుగా పంచే బ్లాకు పద్ధతి ఈ కాలపు పనులలో ముఖ్యమైనవి. 1908లో ఉద్యోగ విరమణ చేశాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో మూసీనది వరదలు హైదరాబాదును ముంచెత్తగా, నిజాం ప్రభుత్వం ఆయనను సలహాదారుగా నియమించింది. వరద నివారణకు నగరం ఎగువన జలాశయాలు నిర్మించాలని ఆయన చేసిన సూచన నుండే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రూపుదిద్దుకున్నాయి. 1909లో మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగా నియమితుడయ్యాడు. కావేరిపై కృష్ణరాజసాగర్ ఆనకట్ట పని 1911లో మొదలయింది.

ఉద్యోగంలో ఉండగానే 1898లో చేసిన జపాను యాత్ర ఆయన ఆలోచనలను మలుపు తిప్పింది. అంతకు కొన్ని దశాబ్దాల క్రితం వరకు వ్యవసాయ దేశంగా ఉన్న జపాను, బడులనూ కర్మాగారాలనూ ఒకదానికొకటి ముడిపెట్టి ఎంత వేగంగా ముందుకు సాగిందో ఆయన స్వయంగా చూశాడు. ఆ పోలిక తరువాతి రచనలన్నింటిలోనూ తిరిగి తిరిగి వస్తుంది.

మైసూరు ఆర్థిక సభ

1911లో విశ్వేశ్వరయ్య ప్రోద్బలంతో మైసూరు ఆర్థిక సభ ఏర్పడింది. విద్య, వ్యవసాయం, పరిశ్రమలు–వాణిజ్యం అనే మూడు విషయాలకు ఇందులో వేర్వేరు సంఘాలు ఉండేవి. అధికారులతో పాటు రైతులు, వర్తకులు, చదువుకున్న పౌరులు కూడా వీటిలో కూర్చొని, తమ జిల్లాలో ఏ సరుకు తయారుచేయవచ్చు, దానికి కావలసిన నైపుణ్యం ఎవరి వద్ద ఉంది, పెట్టుబడి ఎక్కడనుండి వస్తుంది అనే ప్రశ్నలను చర్చించేవారు. నేడు వ్యవస్థాపకత తరగతిలో విద్యార్థులతో చేయించే అభ్యాసం ఇంచుమించు ఇదే. ఆనాడు మాత్రం ఒక సంస్థానం మొత్తం ఆ తరగతిలో కూర్చున్నది.

1912 నవంబరులో దివాను అయిన తరువాత ఈ ఆలోచనలకు సంస్థల రూపం వచ్చింది. పెట్టుబడి కోసం 1913లో మైసూరు బ్యాంకు, వర్తకుల కోసం 1916లో మైసూరు వాణిజ్య మండలి ఏర్పడ్డాయి. హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, మైసూరులో చామరాజేంద్ర సాంకేతిక సంస్థ వెలిశాయి. 1916 జూలైలో మైసూరు విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. బ్రిటిషు ప్రత్యక్ష పాలనకు వెలుపల, ఒక సంస్థానంలో ఏర్పడిన తొలి విశ్వవిద్యాలయమిది. దీనికి ముందు విదేశీ విశ్వవిద్యాలయాల తీరుతెన్నులు పరిశీలించి నివేదికలు ఇచ్చినవారు థామస్ డెన్‌హామ్, చిత్తూరు సమీపంలోని కట్టమంచికి చెందిన కట్టమంచి రామలింగారెడ్డి. రెడ్డి అప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడు. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. మరుసటి సంవత్సరం, 1917లో, బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమయింది. అంతవరకూ మైసూరు విద్యార్థులు ఈ చదువు కోసం పూనాకో, మద్రాసు గిండీకో పోవలసి ఉండేది. విశ్వేశ్వరయ్య స్వయంగా అలా పోయినవాడే.

చందన తైలం, సబ్బు

ప్రయోగశాల నుండి అంగడి దాకా దారి ఎలా వేయాలో తెలుసుకోవడానికి మైసూరు చందనం కంటే మంచి ఉదాహరణ దొరకదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మైసూరు గంధపు చెక్క ఎక్కువగా జర్మనీకి ఎగుమతి అయ్యేది. తైలం అక్కడ తీసేవారు. 1914లో యుద్ధంతో ఆ ఎగుమతి ఆగిపోయి చెక్క గుట్టలుగా పేరుకుపోయింది. సంస్థానపు ఖజానాకు అది పెద్ద దెబ్బ.

అప్పుడు మైసూరు పరిశ్రమల శాఖకు అధిపతి ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. ఈయన అంతకు ముందు మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడుగా ఉంటూ, అల్యూమినియం పాత్రల తయారీని చిన్న ప్రయోగంగా మొదలుపెట్టి పరిశ్రమగా నిలబెట్టినవాడు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ గంధపు తైలాన్ని ఆవిరితో తీసే పద్ధతిని రూపొందించారు. 1916లో బెంగుళూరులో తైలపు కర్మాగారం మొదలయింది. కొద్దికాలానికే మైసూరులో మరొకటి వచ్చింది.

తైలం చేతికి వచ్చాక సబ్బు తయారీ ఆలోచన కలిగింది. రసాయనశాస్త్రం చదివిన ఎస్.జి. శాస్త్రిని ప్రభుత్వం ఆ విద్య నేర్చుకొని రమ్మని ఇంగ్లండు పంపింది. 1918 నాటికి ప్రభుత్వ సబ్బుల కర్మాగారం పనిచేయసాగింది. మైసూరు శాండల్ సబ్బు నేటికీ ఇళ్ళలో వాడుకలో ఉంది. ఈ వరుసను గమనించదగును. ముందు ముడిసరుకు, తరువాత శాస్త్రజ్ఞుడు, తరువాత శిక్షణ పొందిన యువకుడు, ఆ తరువాతనే యంత్రం. విశ్వేశ్వరయ్య హయాంలో వచ్చిన పరిశ్రమలన్నీ ఇంత చక్కగా సాగలేదు.

రాజీనామా

1918లో మైసూరు ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణేతరుల ప్రాతినిధ్యాన్ని పరిశీలించడానికి మహారాజు మిల్లరు సంఘాన్ని నియమించాడు. ఎంపికలో ప్రతిభకే ప్రాధాన్యం ఉండాలన్నది దివాను పట్టుదల. ఉద్యోగాలన్నీ ఒకే వర్గం చేతిలో ఉన్నాయన్న ఇతరుల ఫిర్యాదు కూడా న్యాయమైనదే. మైసూరులో ఆ ఉద్యమానికి ప్రోత్సాహమిచ్చినవారిలో రామలింగారెడ్డి కూడా ఒకడు. విశ్వవిద్యాలయ నిర్మాణంలో పాలుపంచుకున్న ఇద్దరూ ఇక్కడ చెరొకవైపు నిలిచారు. విశ్వేశ్వరయ్య 1918 చివరలో పదవి నుండి తప్పుకున్నాడు. విద్యను విస్తరించడం ఒక ఎత్తు, ఆ విద్య ఫలాలు ఎవరికి అందాలన్నది మరొక ఎత్తు. రెండవ ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం అసంపూర్ణమనే చెప్పాలి.

భద్రావతి

దివానుగా ఉండగా తలపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో ఉత్పత్తి ప్రారంభించింది. మైసూరులో బొగ్గు గనులు లేవు. కెమ్మణ్ణుగుండి ఖనిజాన్ని అడవి కట్టెల బొగ్గుతో కరిగించాలన్నది పథకం. పని పూర్తయ్యేసరికి ప్రపంచ విపణిలో పోత ఇనుము ధర పడిపోయింది. నష్టాలు పెరిగాయి. కర్మాగారాన్ని మూసివేయడమే మంచిదన్న వాదన బలపడింది. అటువంటి స్థితిలో విశ్వేశ్వరయ్య 1923లో యాజమాన్య మండలి అధ్యక్షత స్వీకరించి 1929 వరకు నిర్వహించాడు.

ఖర్చులు తగ్గించాడు. అధిక జీతాలపై వచ్చిన విదేశీ నిపుణుల స్థానంలో క్రమంగా స్థానిక యువ ఇంజనీర్లను నియమించాడు. కట్టెల బొగ్గు తయారీలో వెలువడే పదార్థాలను కూడా వృథా పోనీయకుండా అమ్మకానికి సిద్ధం చేయించాడు. పోత ఇనుమును ముద్దగా అమ్మడం కంటే గొట్టాలుగా పోసి అమ్మితే గిట్టుబాటవుతుందని గొట్టాల విభాగాన్ని పెట్టించాడు. నష్టంలో ఉన్న వ్యాపారాన్ని పద్దులు దగ్గర పెట్టుకొని ఎలా నిలబెట్టాలో ఆ యువకులు ఏ కళాశాలలోనూ నేర్చుకోలేనంతగా అక్కడ నేర్చుకున్నారు. 1936లో అక్కడ ఉక్కు తయారీ కూడా మొదలయింది. విశ్వేశ్వరయ్య 1927 నుండి 1955 వరకు టాటా ఉక్కు సంస్థ డైరెక్టరుగా కూడా ఉన్నాడు.

వృత్తివిద్య

1921–22లో బొంబాయి ప్రభుత్వం సాంకేతిక, పారిశ్రామిక విద్యపై నియమించిన సంఘానికి విశ్వేశ్వరయ్య అధ్యక్షత వహించాడు. ఈ సంఘం సభ్యుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. దేశంలో పరిశ్రమలు లేనప్పుడు సాంకేతిక విద్య పొందినవారికి పని ఎక్కడ దొరుకుతుందన్నది ఆ కాలంలో తరచు వినిపించిన అభ్యంతరం. శిక్షణ పొందినవారు లేకుండా పరిశ్రమలు ఎలా వస్తాయన్నది విశ్వేశ్వరయ్య వాదన. ఇది విత్తు ముందా చెట్టు ముందా అన్న తగవు వంటిది. రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాలన్నదే ఆయన జీవితమంతా చెప్పిన మాట. 1920, 1934 సంవత్సరాలలో ప్రచురించిన పునర్నిర్మాణ, ప్రణాళికా గ్రంథాలలో ఈ విషయాన్ని వివరంగా చర్చించాడు. భారీ యంత్రాల విషయంలో గాంధీజీతో ఆయనకు భేదాభిప్రాయం ఉండేది. ఇద్దరి మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు మర్యాదగా సాగాయి, కాని ఎవరి అభిప్రాయం వారిదిగానే మిగిలింది.

1935 తరువాత దేశంలో మోటారు వాహనాల తయారీ కోసం యూరపు, అమెరికాలు తిరిగి పథకం సిద్ధం చేశాడు. ప్రభుత్వ మద్దతు లభించక బెంగుళూరులో ఆ కర్మాగారం రాలేదు. 1941లో స్థాపించిన అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థకు అధ్యక్షుడై, చిన్న పరిశ్రమల యజమానులను ఒకచోటికి చేర్చాడు. భారతీయ విజ్ఞాన సంస్థ పాలక సభకు 1938 నుండి తొమ్మిదేళ్ళు అధ్యక్షుడుగా ఉన్నాడు. విమాన ఇంజనీరింగు విభాగం అక్కడ ప్రారంభమైనది ఈ కాలంలోనే, 1942లో.

భద్రావతిలో చేసిన పనికి తనకు రావలసిన ప్రతిఫలాన్ని ఆయన సొంతానికి వాడుకోలేదు. సుమారు 2 లక్షల రూపాయల ఆ మొత్తంతో యువకులకు చేతిపనులు, యంత్రపు పనులు నేర్పే సంస్థను నెలకొల్పాలని ప్రభుత్వాన్ని కోరాడు. 1943లో బెంగుళూరులో అది ప్రారంభమయింది. దానికి తన పేరు కాక మహారాజు పేరు, శ్రీ జయచామరాజేంద్ర వృత్తి సంస్థ అని పెట్టించాడు. నేడది పాలిటెక్నిక్‌గా కొనసాగుతున్నది.

ఎనభై యేళ్ళు దాటిన వయసులో ఆయన గ్రామ పరిశ్రమల పథకాన్ని తయారుచేశాడు. కొన్ని గ్రామాలను ఒక బృందంగా చేర్చి, గ్రామస్థుల సంఘమే తమకు అనువైన పరిశ్రమను ఎంచుకొని, ప్రతి సంవత్సరం ఉత్పత్తి ఎంత పెరిగిందో లెక్క కట్టుకోవాలన్నది ఇందులోని పద్ధతి. 1940ల చివర ఈ పథకం మొదట బెంగుళూరు, కోలారు జిల్లాలలో అమలుకు వచ్చింది. అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు సరిహద్దు ఆవలి గ్రామాలలోనే. ఈవలి గ్రామాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నందున ఆ పథకం ఇటు రాలేదు.

స్మృతి చిహ్నాలు

విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన తరువాత, బెంగుళూరులో మరణించాడు. అంత్యక్రియలు స్వగ్రామం ముద్దెనహళ్ళిలో జరిగాయి. సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. 1917లో ప్రారంభమైన బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలకు తరువాత ఆయన పేరు పెట్టారు. 1998లో బెళగావి కేంద్రంగా ఏర్పడిన కర్ణాటక సాంకేతిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే ఉంది. మదనపల్లె సమీపంలోని అంగళ్ళులో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైనది కూడా ఆ సంవత్సరమే. హైదరాబాదు ఖైరతాబాదులోని ఇంజనీర్ల సంస్థ భవనం విశ్వేశ్వరయ్య భవన్‌గా ప్రసిద్ధం. ముద్దెనహళ్ళిలో ఆయన పుట్టిన ఇల్లు, సమాధి ఉన్న స్థలం సందర్శకుల కోసం తెరచి ఉంటాయి.