ఎడ్విన్ సదర్లండు ఆచార్యుడు

దొంగ యను మాట వినగానే మన మనస్సునకు దోచునది చినిగిన బట్టలతో, చేతులకు బేడీలతో, పోలీసు జవాను వెంట తలవంచుకొని నడచు బీదవాని రూపము. ఇస్త్రీ చొక్కా తొడిగి, కారులో దిగి, సభలయందు ముందువరుస కుర్చీలలో కూర్చుండు పెద్దమనుష్యుని రూపము దోచదు. నేరమును గుఱించి గ్రంథములు వ్రాసిన పండితులకును అది చిరకాలము దోచలేదు. ఆ రెండవవానిని గూడ చూచి, వాని నేరములను లెక్కగట్టి, తోటి పండితుల యెదుట నిలిచి చెప్పినవాడు అమెరికా దేశస్థుడగు ఎడ్విన్ హార్డిన్ సదర్లండు. ఈయన సేనాపతి కాడు, మంత్రియు కాడు. యౌవనము మొదలు మరణదినము వఱకు దాదాపుగా పాఠములు చెప్పుటయందే కాలము గడపినవాడు. అట్టి యుపాధ్యాయుని చరిత్రము పాఠశాల పత్రికకు తగినదే యని తలంచి దీనిని వ్రాయుచున్నాను.

సదర్లండు 1883వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన నెబ్రాస్కా రాష్ట్రమందలి గిబ్బన్ అను చిన్న యూర జన్మించెను. తండ్రి జార్జి సదర్లండు బాప్టిస్టు సంఘపు బోధకుడు, విద్యాధికుడు. గ్రాండ్ ఐలండు కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. ఆ యింట కట్టుబాట్లు గట్టివి. కుమారుడు పెద్దవాడైన పిమ్మట మతాచారముల విషయమున తండ్రి త్రోవను పూర్తిగా ద్రొక్కలేదు గాని, తప్పును తప్పనుటలో తండ్రికి తీసిపోలేదు. గ్రాండ్ ఐలండు కళాశాలలోనే చదివి, అచట ఫుట్‌బాలు ఆటగాడై, 1904లో పట్టము పొందెను. తరువాత రెండేండ్లు దక్షిణ డకోటాలోని సూఫాల్స్ కళాశాలలో లాటిను, గ్రీకు, చరిత్ర, సంక్షిప్తలిపి బోధించెను. ఒక్కడే ఇన్ని బోధించుట చిన్న కళాశాలలలో నేడును చూచుచునే యున్నాము.

చరిత్రపండితుడు కావలెనని యాయన కోరిక. షికాగో విశ్వవిద్యాలయమున పై చదువునకు చేరవలెనన్న, సమాజశాస్త్రమున నొక పాఠక్రమమైనను చదివియుండవలెనని నియమము కలదు. అందుచే ఆ పాఠములను తపాలా మూలమున తెప్పించుకొని చదివెను. ఈ చిన్న నియమమే యాయన బ్రతుకుదారిని మార్చినది. 1906లో షికాగో చేరిన పిదప చార్లెస్ హెండర్సన్ అను ఆచార్యుని తరగతిలో కూర్చుండెను. హెండర్సన్ క్రైస్తవ బోధకుడు. కారాగారముల సంస్కరణమునందు మిక్కిలి యాసక్తి కలవాడు. ఆ ప్రభావమున సదర్లండు చరిత్రను విడిచి సమాజశాస్త్రమును చేపట్టి, నిరుద్యోగమును గుఱించి వ్యాసము సమర్పించి, 1913లో డాక్టరు పట్టమందెను.

తరువాత ఆఱేండ్లు మిస్సౌరి రాష్ట్రమున విలియం జ్యుయెల్ కళాశాలలో పని చేసెను. ఆ యాఱేండ్లలో ఆయన ప్రకటించినది అత్యల్పము. 1918లో వివాహమాడెను, 1919లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు మాఱెను. 1921లో అచటి శాఖాధ్యక్షుడగు హేస్ ఆచార్యుడు, తాను సంపాదకుడుగా నున్న గ్రంథమాలకు నేరశాస్త్ర పాఠ్యగ్రంథ మొకటి వ్రాయుమని కోరెను. సదర్లండు సరేయని, దొరికిన గ్రంథములన్నియు చదివి, 1924లో దానిని ప్రకటించెను. నేరములకు గల కారణములు, పోలీసులు, న్యాయస్థానములు, చెఱసాలలు, నేరస్థులను సంస్కరించు మార్గములు అన్నియు నందున్నవి. బ్రతికియుండగనే దానిని మూడుమాఱులు తిరిగి వ్రాసెను. ఒకమాఱు అచ్చయిన పుస్తకమును వేదవాక్యముగా నెంచక, తానే దానిలో తప్పులు వెదకుట యాయన స్వభావము.

ఆ కాలమున నేరస్థుడు పుట్టుకతోనే వేఱుజాతివాడను నమ్మకము బలముగ నుండెను. ఇటలీ దేశపు లొంబ్రోసో అను వైద్యుడు దొంగల పుఱ్ఱెలను, దవడలను కొలిచి, నేరస్థుడు ఆదిమ మానవుని అవశేషమని వాదించియుండెను. అది సడలుచుండగా బుద్ధిమాంద్యమే నేరమునకు మూలమను వాదము బయలుదేరినది. సదర్లండు ఈ పరీక్షల ఫలితములను ప్రోగుచేసి 1931లో ఒక వ్యాసము వ్రాసెను. 1910 మొదలు 1914 వఱకు జరిగిన పరీక్షలలో నేరస్థులలో సగముకంటె నెక్కువమంది మందబుద్ధులని తేలగా, 1925 మొదలు 1928 వఱకు జరిగినవానిలో నూటికి 20 మంది మాత్రమే అట్లు తేలిరి. ఇంత కొలదికాలమున దొంగలు తెలివిగలవారు కాలేదు. పరీక్షించువారి పద్ధతులు బాగుపడినవి!

ఇట మన దేశము జ్ఞప్తికి రాకమానదు. ఇచ్చట 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నపురి రాజధానికిని వ్యాపించెను. ఎఱుకలవారు మొదలగు జాతుల బిడ్డలు, ఏ తప్పును చేయకమునుపే, పుట్టిన కులమును బట్టి అనుమానింపబడిరి. బాపట్ల దగ్గఱి స్టువార్టుపురము ఆ చట్టము క్రింద ఏర్పడిన వసతులలో నొకటి. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. నేరము రక్తములో నున్నదను తలంపు ఒక్క పుస్తకములలోనే యుండినచో నష్టము తక్కువ. అది చట్టమైనపుడు దాని బరువు పసిబిడ్డలమీద బడును.

సదర్లండు 1926లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు బోయి మూడేండ్లుండెను. పిమ్మట కొంతకాలము ఒక పరిశోధన సంస్థలో పని చేయుచు ఇంగ్లండు దేశపు కారాగారములను పరిశీలించెను. అచట ఖైదీల సంఖ్య తగ్గిపోవుటకు కారణమేమని విచారించి 1934లో వ్రాసెను. జరిమానా చెల్లించుటకు గడువునిచ్చుట, కొందఱిని చెఱకు పంపక ప్రొబేషను అధికారి పర్యవేక్షణ క్రింద నుంచుట మొదలగు మార్పులవలన అనేకులు జైలు గడప త్రొక్కకుండనే బయటపడిరి. అంతకుముందు జరిమానా సొమ్ము ఆ పూటకు చేతలేదన్న మాత్రాన ఎందఱో బీదలు చెఱసాలకు పోవుచుండిరి.

1930 మొదలు 1935 వఱకు మఱల షికాగోలో నుండినపుడు ఈయనకు విచిత్రమైన సహాధ్యాయి దొరకెను. అతడు ఇరువది యేండ్లకు పైగా దొంగతనమే వృత్తిగా బ్రతికినవాడు. సదర్లండు ప్రశ్నలు వ్రాసి యిచ్చుచుండగా అతడు జవాబులు వ్రాసెడివాడు. ఆ వ్రాతలను ముందిడుకొని వారమునకు సుమారు ఏడు గంటల చొప్పున పండ్రెండు వారములు ఇరువురును చర్చించిరి. ఆ ఫలితముగ 1937లో వృత్తిదొంగను గుఱించిన గ్రంథము వెలువడెను. అందు మూడింట రెండువంతులు దొంగ వ్రాసినదే. జేబులు కత్తిరించువారికిని, దుకాణములలో సరకు మాయము చేయువారికిని, మాటలతో మోసగించి సొమ్ము లాగువారికిని ఒక కట్టు, ఒక భాష, ఒక మర్యాద కలవని ఆ గ్రంథమువలన తెలిసినది. పనితనము గల పాతదొంగలు చేరదీసి నేర్పినగాని ఎవడును ఆ వృత్తిలో దొంగగా లెక్కకు రాడట. వడ్రంగమునకును కంసాలిపనికిని శిష్యఱికము ఎట్లో, దానికి నట్లే.

ఈయన పేరు నిలిపిన సిద్ధాంతము పుట్టిన తీరు వినదగినది. సుమారు 1935లో హెన్రీ మెకే యను మిత్రుడు మాటలసందర్భమున సదర్లండు సిద్ధాంతమని యేదో ప్రస్తావించెను. తనకొక సిద్ధాంతము కలదని సదర్లండునకే తెలియదు! అదేమని మెకేనే యడిగెను. మెకే ఆయన గ్రంథమునే తెఱచి అందలి రెండు పుటలు చూపెను. అప్పుడుగాని తాను చెప్పుచున్నదేమో ఆయనకు స్పష్టము కాలేదు. దానిని సాగదీసి 1939 నాటి ముద్రణమున ఏడు సూత్రములుగా, 1947 నాటి ముద్రణమున తొమ్మిది సూత్రములుగా నేర్పఱచెను. దీనిని సాహచర్యభేద సిద్ధాంతమని చెప్పవచ్చును.

దాని సారమిది. నేరము చేయుట యనునది తక్కిన విద్యలవలె నేర్చుకొనిన విద్య. అది ముఖ్యముగా సన్నిహితులవలననే అలవడును. పత్రికలకును చలనచిత్రములకును అందు పాలు స్వల్పము. నేర్చునది చేతిపనితనము మాత్రమే కాదు. చేసినదానిని సమర్థించుకొను మాటలను, చట్టమును చులకనగా జూచు తలంపులను గూడ నేర్చును. చట్టమును మీఱినను తప్పులేదను తలంపులు, మీఱరాదను తలంపులను మించినపుడు మనుష్యుడు నేరమునకు దిగును. ఆ తలంపులు ఎంత తఱచుగా, ఎంతకాలము, ఎంత చిన్నతనమున, ఎంత ప్రీతిపాత్రులైనవారి నోట వినబడెనో దానినిబట్టి వాని బలముండును. కాబట్టి దొంగలతో దినమును గడపు జైలు జవాను దొంగ కానక్కఱలేదు. ధనాశవలన దొంగ దొంగిలించెనని చెప్పుట చాలదని ఈయన వాదన. పొద్దస్తమానము మూటలు మోయు కూలివాడును ధనము కొఱకే మోయుచున్నాడు గదా!

ఈ సిద్ధాంతమును కొలతలకు లోబఱచుట కష్టమని విమర్శకులనిరి. ఆ మాటలో నిజమున్నది. ఐనను విమర్శకులకంటె ముందుగా సదర్లండే 1944లో తన సిద్ధాంతమునకు వ్యతిరేకముగా నొక వ్యాసము వ్రాసి, దానికి హంసగీతమని పేరిడి, మిత్రులకును శిష్యులకును పంచిపెట్టెను. అప్పటికి ఆయన ఇండియానా విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రశాఖకు అధ్యక్షుడు. 1935లో అచట చేరి కడవఱకు నుండెను. తన సిద్ధాంతమును తప్పుపట్టు శిష్యునియందు ఆయనకు కోపముండెడిది కాదు. డొనాల్డ్ క్రెస్సీ, ఆల్బర్ట్ కోహెన్ మొదలగు ప్రసిద్ధ పండితులు ఆయనయొద్ద చదివినవారే. నమ్మి యప్పగించిన సొమ్ము నపహరించువారిని గుఱించి క్రెస్సీయు, బాలనేరస్థుల ముఠాలను గుఱించి కోహెనును తరువాత వ్రాసిన గ్రంథములు పేరుపడినవి.

ఇక ఆయన సాహసకార్యము. 1939 డిసెంబరులో ఫిలడెల్ఫియా నగరమున అమెరికా సమాజశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగా ఉపన్యసించుచు, గౌరవము, హోదా గలవారు తమ వృత్తివ్యాపారములలో చేయు నేరములను ముందిడెను. వీనికి వైట్ కాలర్ నేరములని పేరు పెట్టెను. ఆయన చూపిన నిదర్శన మొకటి: అనేక శాఖలుగల కిరాణా దుకాణముల సంస్థలో ఒక యధికారి ఒక్క యేట 6,00,000 డాలర్లు అపహరించెను. ఆ సంస్థ దుకాణములలో ఏడాదిలో జరిగిన 500 కన్నములు, దోపిడులవలన కలిగిన నష్టమునకు అది ఆఱు రెట్లు. బీదఱికమే నేరమునకు కారణమైనచో ఈ యధికారికి వచ్చిన బీదఱికమేమి?

ఆ మాటను గణాంకములతో నిలబెట్టుటకు ఏండ్లతరబడి పనిచేసి, అమెరికాలోని మిక్కిలి పెద్ద కంపెనీలలో 70 ఏఱి, వానికి వ్యతిరేకముగా న్యాయస్థానములును ప్రభుత్వ సంఘములును చేసిన నిర్ణయములను ప్రోగుచేసెను. పోటీని అణచుట, అబద్ధపు ప్రకటనలు, పరుల పేటెంటుల నపహరించుట, కార్మికుల యెడ అక్రమములు మొదలగువాని క్రింద మొత్తము 980 నిర్ణయములు తేలినవి. కంపెనీకి సగటున 14. ఒక్కటియు తప్పించుకొన్నది లేదు. ఐతే వానిలో క్రిమినలు కోర్టులు చెప్పినవి 158 మాత్రమే. క్రిమినలు కోర్టు శిక్షింపనివానిని నేరస్థుడనరాదని టాపన్ అను పండితుడు 1947లో ఆక్షేపించెను. సదర్లండు ఒప్పుకొనలేదు. పేదవానికి క్రిమినలు కోర్టును, ధనవంతునికి మెత్తని హెచ్చరికయు నేర్పఱచినది పలుకుబడియే. ఆ యేర్పాటును చూపి నేరమే లేదనుట ఎట్లని ఆయన వాదించెను. నాకు ఆయన పక్షమే న్యాయముగా దోచుచున్నది.

గ్రంథము అచ్చునకు సిద్ధమైనపుడు చిక్కు వచ్చినది. కంపెనీల పేళ్లుంచినచో పరువునష్టపు దావాలు వచ్చునని ప్రచురణకర్తలు భయపడిరి. విశ్వవిద్యాలయాధికారులును పేళ్లను తీసివేయుటయే మేలనిరి. సదర్లండు తుదకు సమ్మతించెను. 1949లో పేళ్లు లేకుండనే, మూడు కంపెనీల చరిత్రలును తొలగింపబడి, గ్రంథము ప్రకటితమయ్యెను. కోడిని దొంగిలించినవాని పేరు మఱునాటి పత్రికలో అచ్చగును. ఇచ్చట తీర్పులన్నియు బహిరంగముగా జరిగినవే ఐనను పేళ్లు మాత్రము మఱుగున బడెను. గ్రంథము చెప్పిన విషయమే గ్రంథమునకును జరిగినది. ఆయన పట్టుపట్టవలసినదని కొందఱందురు. పేళ్లకై పంతమూనినచో అంకెలైనను వెలుగు చూచెడివో లేదో చెప్పలేము.

1950వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, ఎప్పటివలెనే పాఠము చెప్పుటకు నడచిపోవుచుండగా, పక్షవాతము తగిలి సదర్లండు కూలిపోయెను. వయస్సు 67 ఏండ్లు. ఆయన పాఠ్యగ్రంథమును శిష్యుడు క్రెస్సీ తిరిగి సవరించి 1955లో ప్రకటించెను. కంపెనీల పేళ్లతోడి మూలగ్రంథము 1983లో, గురువు గతించిన 33 ఏండ్లకు, యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము నుండి ఒక్క పేరును విడువకుండ అచ్చయ్యెను.