మెల్‌బోర్న్ దాకా వెళ్లిన మన హైదరాబాద్ మాస్టారు

అబిడ్స్‌లో పిల్లలకు బూట్లు, బ్యాగులు కొని బషీర్‌బాగ్ వైపు వెళ్తుంటే నిజాం కాలేజీ దగ్గర ఎల్బీ స్టేడియం కనిపిస్తుంది. ఒకప్పుడు దాని పేరు ఫతే మైదాన్. అక్కడ జరిగిన క్రికెట్ మ్యాచ్‌లు మనలో చాలామందికి గుర్తే. కానీ 1950లలో ఈ నగరం పేరు దేశమంతా వినిపించింది ఫుట్‌బాల్ వల్ల. ఆ పేరు తెచ్చిన మనిషి ఒక స్కూల్ టీచర్, సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా ఆయన కథే. సినిమాలో కోచ్‌ను చూశాం. ఈ నెల ఆ టీచర్‌ను పరిచయం చేసుకుందాం.

రహీం 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఆడారు. డిగ్రీ అయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్‌లో టీచర్‌గా చేరారు. తర్వాత మరికొన్ని స్కూళ్లలోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లోనూ పనిచేశారు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉంటూ, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి క్లబ్బులకు డబ్బూ ఉంది, వేలాది అభిమానులూ ఉన్నారు. మన పోలీస్ జట్టుకు అంత బలగం లేదు. అయినా 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌నే ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది.

ఇది ఎలా సాధ్యమైంది? రహీం సాబ్ చెప్పిన పాఠాలు చూస్తే అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఆయన కొన్ని వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో ఎవరికి ఏ కాలు వాటం కాదో ఆ కాలితోనే బంతి కొట్టాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలు వాడాల్సిందే. ఇంకోదాంట్లో బంతిని దగ్గర పెట్టుకుని ఒక్కడే పరుగు తీయకూడదు, పక్కవాడికి పాస్ ఇవ్వాలి. లెక్కల్లో వందకు వంద తెచ్చుకుని తెలుగు పుస్తకం ముట్టని పిల్లవాడికి మంచి టీచర్ ఏం చేస్తారో, ఆయన మైదానంలో అదే చేశారు. వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేయించి మెచ్చుకోలేదు, రానిదాన్ని నేర్పించారు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు ఉండేవాడు. ఆట బాగా వచ్చు, కానీ రోజూ ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి డబ్బుల్లేవు. రహీం సాబ్ అద్దె సైకిల్‌కు డబ్బులిచ్చి రమ్మన్నారు. ఇరవై ఏళ్ల వయసుకే ఆ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు.

రహీం దేశం జట్టుకు కూడా కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మనవాళ్లు చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండానే ఆడారు. అంత ఘోరమైన ఓటమి తర్వాత ఆయన కొత్త పద్ధతులు నేర్చుకుని జట్టు ఆటతీరును మార్చారు.

1956 డిసెంబర్ 1న మెల్‌బోర్న్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచాం. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఆ జట్టులో మన హైదరాబాదీలు చాలామంది ఉన్నారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టకుండా ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియానే. దాదాపు లక్షమంది ప్రేక్షకులు, ఎక్కువమంది మనకు వ్యతిరేకం. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1తో బంగారం మనది.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు 1960 తర్వాత అర్హతే దొరకలేదు. ఒక్క టీచర్ లేని లోటు ఎంతటిదో ఈ రెండు విషయాలే చెబుతాయి.

ఈ కథ పాతది కావచ్చు, కానీ ఇలాంటిది మన కాలంలోనూ జరిగింది. ఐస్‌లాండ్ అనే చిన్న ద్వీప దేశం జనాభా నాలుగు లక్షల లోపే. 2016 యూరో కప్‌లో ఆ జట్టు ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. దాని ఇద్దరు కోచ్‌లలో ఒకరు పళ్ల డాక్టరు. అక్కడ చిన్నపిల్లలకు కూడా శిక్షణ పొందిన కోచ్‌లే ఆట నేర్పుతారు. జనం తక్కువ కాబట్టి ఏ పిల్లనూ వదులుకోలేమన్నది వాళ్ల లెక్క. అమ్ముగూడ కుర్రాడికి సైకిల్ డబ్బులిచ్చిన రహీం సాబ్ లెక్కా అదే.

పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడ్ తీసేసి మ్యాథ్స్ చెప్పమని కొందరు పేరెంట్స్ అడుగుతుంటారు. ఆ ఆందోళన మాకూ అర్థమవుతుంది. ఫీజు కట్టేది చదువు కోసమే కదా అనిపించడం సహజం. అయితే రాని కాలితో ప్రయత్నించడం, పక్కవాడికి పాస్ ఇవ్వడం, 10-1తో ఓడిన తర్వాత మళ్లీ మైదానంలోకి దిగడం పిల్లలు నేర్చుకునేది ఆ నలభై నిమిషాల్లోనే. దయచేసి ఆ పీరియడ్‌ను వాళ్లకు వదిలేయండి.

ఈ ఆదివారం వీలైతే పిల్లలతో కలిసి ఒక బంతి తీసుకుని దగ్గర్లోని గ్రౌండ్‌కు వెళ్లండి. పది సార్లు వాటం లేని కాలితో కొట్టమనండి. మీరూ కొట్టి చూడండి. ఆ తర్వాత వాళ్లకు రహీం సాబ్ గురించి చెప్పండి.